స్టేషన్ వైఫైని కాదు, లాడ్జి వైఫైని చూసి భయపడండి

విజయవాడలో రైలెక్కి తిరుపతి వెళ్లొచ్చే రెండు రోజుల్లో ఉచిత వైఫై తగిలేది ముఖ్యంగా రెండు చోట్ల: స్టేషన్‌లో, లాడ్జిలో. స్టేషన్ వైఫై అంటే అందరికీ అనుమానమే. లాడ్జిలో మాత్రం "పాస్‌వర్డ్ ఉందిగా" అని ధీమా. నిజానికి ఆ ధీమాతోనే చిక్కు.

స్టేషన్‌ది రైల్వేవారి టెలికాం సంస్థ రైల్‌టెల్ నడిపే రైల్‌వైర్. మొబైల్ నంబరు, ఓటీపీ కొడితే రోజుకు 30 నిమిషాలు ఉచితం. ఆపైన కావాలంటే 2021లో పెట్టిన ప్లాన్లు రోజుకు 10 రూపాయలు, 5 జీబీతో మొదలయ్యాయి, పన్ను అదనం. రైలు ఎక్కడుందో చూసుకోవడానికీ, సతాయించే పిల్లలకు రెండు కార్టూన్లు దించి పెట్టుకోవడానికీ భేషుగ్గా పనికొస్తుంది. కాకపోతే తాళం లేని నెట్‌వర్క్ కాబట్టి అదే పేరుతో ఎవడైనా హాట్‌స్పాట్ తెరిచి కూర్చోవచ్చు. ఫోన్ పేరు చూసి అతుక్కుంటుంది, వెనకున్నది ఎవరో దానికేం తెలుసు? ఉచిత అరగంటకు జీమెయిల్ పాస్‌వర్డో కార్డు నంబరో అడిగినా, యాప్ వేసుకోమన్నా అక్కడే ఆపేయండి. పని అయ్యాక గేర్ గుర్తు నొక్కి ఆటో కనెక్ట్ తీసేయండి, లేదంటే వచ్చే స్టేషన్‌లో ఫోన్ అడక్కుండానే కలిసిపోతుంది.

ఇక లాడ్జి. పాస్‌వర్డ్ రిసెప్షన్ గోడ మీద అతికించి ఉంటుంది, ఏళ్ల తరబడి అదే. వైఫైకి తాళం వేయడానికి మామూలుగా వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు, మీ ఫోన్ కలిసే క్షణాన్ని పట్టుకోగలిగితే, పక్క గదిలోంచే మీ ఫోన్‌కు వచ్చిపోయే సమాచారాన్ని విప్పుకోగలడు. హెచ్‌టీటీపీఎస్ సైట్లలో, అంటే అడ్రసు https అని మొదలయ్యేవాటిలో, టైపు చేసింది కనపడదు గానీ ఏ సైటుకెళ్లారో తెలిసిపోతుంది. అంతకన్నా ఘోరం, చాలాచోట్ల రౌటర్ (వైఫై ఇచ్చే డబ్బా) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొన్నప్పటి అడ్మిన్, అడ్మిన్‌గానే ఉండిపోతాయి. అందులోకి దూరినవాడు డీఎన్ఎస్, అంటే సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిచ్చే ఏర్పాటు, మార్చేస్తే మీరు బ్యాంకు పేరు కొట్టినా నకిలీ సైటుకే పోతారు. అప్పుడు బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తుంది. దర్శనం టైము మించిపోతోందని ఇంట్లోవాళ్లు తొందరపెడుతుంటే మనం "అడ్వాన్స్‌డ్", "ప్రొసీడ్" నొక్కేస్తాం. నొక్కొద్దు.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ డీఎన్ఎస్ మోసానికి విరుగుడు ఫోన్‌లోనే ఉంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ తెరిచి డీఎన్ఎస్ డాట్ గూగుల్ (dns.google) అని రాయండి. దీంతో కొన్నిచోట్ల వైఫై లాగిన్ పేజీ రాదు. అప్పుడు "ఆటోమేటిక్"కి మార్చి లాగిన్ అయ్యి, మళ్లీ వెనక్కి పెట్టండి. అయినా పేజీ రాకపోతే బ్రౌజర్‌లో నెవర్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) కొట్టండి, బయటికొస్తుంది.

మీ నెట్ వాడకాన్నంతా తాళం వేసి తన సర్వర్ గుండా పంపే వీపీఎన్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి గానీ ఆ సలహా మాత్రం మేమివ్వం. లాడ్జివాడి మీద పెట్టే నమ్మకాన్ని ఊరూ పేరూ తెలియనివాడి మీద పెట్టడమే అది. బ్యాంకు, యూపీఐ, టికెట్ బుకింగ్ సొంత డేటాతో చేసుకోండి. ల్యాప్‌టాప్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్ ఉండనే ఉంది. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గది ఖాళీ చేసేటప్పుడు చార్జరు వెతుక్కుంటాం గానీ స్మార్ట్ టీవీని చూడం. భక్తి పాటల కోసం యూట్యూబ్‌లో లాగిన్ అయిన జీమెయిల్ ఖాతా అందులోనే ఉండిపోతుంది. టీవీలో తీసేయడం మర్చిపోయారా, రైల్లో కూర్చునైనా సరే గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ, "యువర్ డివైసెస్"లోకి వెళ్లి ఆ టీవీని సైనౌట్ చేయండి.