సాయంత్రానికి రెప్ప వాలుతోందా? ప్రిజం అద్దాలకి డబ్బు కట్టే ముందు ఆగండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కళ్లద్దాలు కొనేవాళ్లకి ఇదో హెచ్చరిక. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి రెప్ప వాలుతోందా? బండి తోలుతుంటే ఎదురొచ్చే లారీ రెండుగా కనబడుతోందా? "టెస్టులన్నీ నార్మలే, ప్రిజం (రెండుగా కనబడే బొమ్మని ఒకటిగా కలిపే అద్దం) వేస్తే సరిపోతుంది" అని ఎవరైనా అంటే అప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. ప్రిజానికి ఉండేది ఒకటే పవరు. కానీ ఇది కంటి మయస్థీనియా, అంటే కంటి కండలు వాడేకొద్దీ అలిసిపోయే జబ్బు అయితే, కన్ను పక్కకి జరిగే కొలత పొద్దునొకటి, రాత్రికొకటి. షాపులో కుదిరిన అద్దం ఇంటికొచ్చేసరికి తలనొప్పి తెస్తుంది, వాపసు తీసుకోమంటే పవరు వేసింది తీసుకోరు. కారణం తేలకుండా రెప్ప ఎత్తి కుట్టించుకోవడం ఇంకా తప్పు.

ముందుగా అనుమానించాల్సింది ఈ మయస్థీనియానే. నరం కండకి కబురు అందించే చోట ఉండే రిసెప్టర్లని మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే దెబ్బతీస్తాయి. జబ్బు కంటి వరకే ఉన్నప్పుడు టెస్టులకి సులువుగా చిక్కదు. అసిటైల్‌కొలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష ఇలాంటివాళ్లలో దాదాపు సగం మందికే పాజిటివ్ వస్తుంది. నెగెటివ్ అనగానే ఫైలు మూసేస్తే మిగతా సగం ఏమైపోవాలి?

నరానికి వరుసగా కరెంటు ఇచ్చి చూసే టెస్టు, అంటే ఆర్‌ఎన్‌ఎస్, ఏ కండ మీద చేశారో రిపోర్టులో చూడండి. చేతి మీద ఒక్కచోటే చేసి నార్మల్ అని రాస్తే కంటి విషయంలో ఆ కాగితానికి పెద్ద విలువ లేదు. కంటి చుట్టూ ఉండే కండ, ముక్కు పక్క కండ, భుజం మీది ట్రెపీజియస్ ఉండాలి. సెకనుకి 2, 3 సార్లు కరెంటు ఇచ్చినప్పుడు కండలో పుట్టే మొదటి అల కంటే నాలుగోది 10 శాతానికి మించి తగ్గితే తేడా ఉన్నట్టు. ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే ఆ తగ్గుదల కనబడదు. ఈ జబ్బుకి వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకుని వెళ్లినా అంతే. మాత్ర ఎప్పుడు ఆపాలో రాసిన డాక్టరునే అడగండి, సొంతంగా ఆపొద్దు.

వీటన్నిటికంటే సున్నితమైంది సింగిల్ ఫైబర్ ఈఎంజీ, అంటే సన్నటి సూదితో ఒక్కో కండ పోగు పనితీరు చూసే టెస్టు. చెయ్యి తిరిగినవాళ్లు చెయ్యాలి, అన్నిచోట్లా ఉండదు. రైలెక్కి చెన్నైకో వేలూరుకో పోయే ముందు ఫోన్ చేసి, నుదుటి కండకో కంటి చుట్టూ కండకో చేస్తారా అని అడగండి. అయితే ఇందులో తేడా వచ్చినంత మాత్రాన మయస్థీనియా అని తేలిపోదు, కొన్ని కండ జబ్బుల్లోనూ వస్తుంది. ఏళ్ల తరబడి రెండు రెప్పలూ మెల్లగా వాలుతూ, పూటపూటకీ మార్పు లేకుండా, కళ్లు పక్కలకి తిరగడం తగ్గిపోతుంటే ఆ కండ జబ్బుల దారిలో వెతకాలి.

రూపాయి ఖర్చు లేని టెస్టు ఒకటుంది, బహుశా అందుకే ఏ ప్యాకేజీలోనూ కనబడదు. ఒకటి రెండు నిమిషాలు తల కదపకుండా పైకి చూడమనండి, రెప్ప ఇంకా కిందికి జారుతుంది. స్కేలుతో రెప్పల మధ్య సందు కొలిచి ఫోటో తీయండి. గ్లవ్‌లో ఐస్ ముక్కలు వేసి, పల్చటి గుడ్డ చుట్టి, మూసిన రెప్ప మీద 2 నిమిషాలు ఉంచండి. తీసిన వెంటనే కొలవాలి, ఆలస్యమైతే రెప్ప మళ్లీ వాలిపోతుంది. 2 మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా లేస్తే మయస్థీనియాకి గట్టి ఆధారమే. రెప్ప పూర్తిగా మూసుకుపోయినవాళ్లలో మాత్రం లేవకపోయినా జబ్బు లేదనుకోవద్దు. ఈ ఫోటోలు, పొద్దునా సాయంత్రం తీసిన వీడియోలు నరాల డాక్టరుకి చూపించండి. జబ్బు ఖాయమైతే ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమో ఛాతీ సీటీ తీయిస్తారు, థైరాయిడ్ కూడా చూస్తారు.

ఐస్ పెట్టుకుంటూ కూర్చోకూడని సందర్భాలున్నాయి. రెప్ప ఒక్కసారిగా వాలి, ఆ కంటిపాప పెద్దదైతే, తలనొప్పి కూడా ఉంటే మెదడు రక్తనాళం ఉబ్బిందేమో అదే గంటలో చూపించాలి. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి రెండు రెప్పలూ వాలిపోతే కట్లపాము కాటు అనుకోవాలి. గాటు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు, నేరుగా పాము మందు ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా కళ్లద్దాల సంగతి పక్కనబెట్టి ఎమర్జెన్సీకే వెళ్లండి.

మందుల షాపులో కూడా జాగ్రత్త. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, గ్లకోమాకి వేసే టిమోలాల్ చుక్కలు ఈ జబ్బుని ముదిరించగలవు. అనుమానం ఉన్నప్పటి నుంచే ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చీటీ రాయకముందే ఈ మాట చెప్పండి.