వాకెన్ ఓపెన్ ఎయిర్: 333 యూరోలకు దక్కేదేమిటి?

జర్మనీ ఉత్తర కొసన, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో, మొక్కజొన్న చేలూ పాడి పశువుల మేతబీళ్ళూ చుట్టూ పరుచుకున్న వాకెన్ అనే చిన్న గ్రామం ఉంది. ఊరి జనాభా సుమారు 2,000. ఏటా జూలై ఆఖరున గానీ ఆగస్టు మొదట్లో గానీ ఆ ఊరి పొలాల్లో జరిగే వాకెన్ ఓపెన్ ఎయిర్ అనే హెవీ మెటల్ (హోరెత్తే గిటార్ల రాక్ సంగీతం) ఉత్సవానికి ప్రపంచం నలుమూలల నుంచి 80,000 మందికి పైగా వస్తారు. హాంబర్గ్‌లో స్థిరపడి ఈ ఉత్సవానికి వెళ్ళివస్తున్న నన్ను హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్న మెటల్ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: అంత డబ్బు పోసి అక్కడికి రావడం తగునా? తగుననే నా అభిప్రాయం. అయితే వేదిక మీద వాయించే బ్యాండ్లను చూడడమే లక్ష్యంగా పెట్టుకున్నవారికి ఆ డబ్బు ఎక్కువ, తోటి అభిమానుల మధ్య నాలుగు రోజులు బతకాలనుకునేవారికి మాత్రం అది న్యాయమైన ధర.

ముందు ధర సంగతే చూద్దాం. 2023లో 299 యూరోలున్న టికెట్టు 2024లో 333 యూరోలైంది, 2025లోనూ అదే ధర కొనసాగింది. మన లెక్కలో 30,000 రూపాయలకు పైమాటే. బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజుల కచేరీలతో పాటు గుడారం వేసుకునే చోటు కూడా ఇందులో కలిసి ఉంటుంది. ఇక్కడి నగరాల్లో పేరున్న బ్యాండు ఒక్క సాయంత్రం కచేరీకే 100 యూరోలు దాటడం మామూలైపోయింది కాబట్టి, ఈ ధరను విడిగా చూసి అన్యాయమనలేం. కానీ వాకెన్ ప్రధాన వేదికల మీది కచేరీలు అనేకం జర్మనీలో ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా ప్రత్యక్ష ప్రసారమవుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. సంగీతం మాత్రమే కావాలంటే ఇంట్లో మంచి స్పీకర్లు పెట్టుకుని వినవచ్చు, గాయకుడి ముఖం కూడా పొలంలో నిలబడ్డవాడికంటే స్పష్టంగా కనిపిస్తుంది. కనుక ఆ 333 యూరోలకు తూగవలసినది తెర మీద దొరకనిది ఏదో అయివుండాలి.

అది ఆ ఊరితోనే మొదలవుతుంది. 1990 ఆగస్టులో థామస్ యెన్సెన్, హోల్గర్ హ్యూబ్నర్ అనే ఇద్దరు స్థానిక యువకులు ఊరి కంకర గుంతలో ఆరు జర్మన్ బ్యాండ్లతో మొదటి ఉత్సవం జరిపారు. టికెట్టు 12 మార్కులు (యూరోకు ముందటి జర్మన్ కరెన్సీ), వచ్చినవారు దాదాపు 800 మంది. ఈనాడు 200 హెక్టార్లకు పైగా పరుచుకున్నా ఉత్సవం ఊరి చేయి విడవలేదు. ప్రతి ఏడూ ఆరంభ ఘట్టాల్లో ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి చెందిన బాకా బృందం వాయిస్తుంది, ఒళ్ళంతా పచ్చబొట్లున్న వేలమంది ఆ జానపద బాణీలకు గంతులేస్తారు. ఊరి ముఖ్యవీధి వెంట ఇళ్ళవాళ్ళు తమ పెరళ్ళలోనే బల్లలు వేసి ఉదయం ఫలహారమూ కాఫీ అమ్ముతారు, పిల్లలు చిన్న తోపుడు బండ్ల మీద వచ్చినవాళ్ళ సామాన్లు చేరవేసి చేతి ఖర్చులు సంపాదించుకుంటారు. మేడారం జాతరకు ఆ చిన్న పల్లె ఎలా నాలుగు రోజులు మహానగరంగా మారిపోతుందో చూసినవారికి వాకెన్ వెంటనే అర్థమవుతుంది. పెద్ద సంస్థలు నగర శివార్లలో ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని జరిపే ఉత్సవాలు నేను చూశాను. ఏర్పాట్లలో అవి కొన్నిసార్లు వాకెన్‌ను మించుతాయి, కానీ అక్కడ మనం ఎవరి ఇంటికీ వచ్చినట్టు ఉండదు.

ఇక అభిమానుల విషయం. సోమ, మంగళవారాల్లోనే గుడారాలు లేవడం మొదలవుతుంది. పక్క గుడారంలో ఎవరుంటారో ముందు తెలియదు, మరుసటి పొద్దుటికల్లా వారి కుర్చీలు మన ముంగిట్లో, మన కాఫీ వారి కప్పుల్లో ఉంటాయి. బ్యాటిల్ వెస్ట్ అని పిలిచే చేతుల్లేని జీన్స్ కోటు మీద ప్రతి అభిమానీ తనకిష్టమైన బ్యాండ్ల ప్యాచ్‌లు, అంటే వాటి పేర్లున్న గుడ్డ ముక్కలు, కుట్టుకుని ఉంటాడు, కొత్తవారితో మాట కలపడానికి అంతకంటే మంచి సాధనం లేదు. నా కోటు మీది హైదరాబాదు డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ ప్యాచ్ చూసి ఆగినవారు ఎందరో ఉన్నారు. అందులో కొందరు ఆ బ్యాండు రికార్డులు ముందే విన్నవారు, మిగిలినవారు అక్కడికక్కడే ఫోన్ తీసి పేరు రాసుకున్నవారు. మన ఊరి సంగీతాన్ని ఒక అపరిచితుడు అంత శ్రద్ధగా అడిగి తెలుసుకోవడం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను.

గుడారాల దగ్గర సంభాషణలకు ఒక వరుస ఉంటుంది. ఫలానా బ్యాండును మొదటిసారి ఎక్కడ చూశావన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. బ్రిటిష్ బ్యాండు ఐరన్ మెయిడెన్ పేరు వచ్చినప్పుడల్లా నేను 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన కచేరీ గురించి చెబుతాను. హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కి వెళ్ళిన మాలాంటివాళ్ళూ, చెన్నై నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చినవాళ్ళూ ఆ మైదానంలో ఒకరినొకరు చూసుకుని, ఈ సంగీతం వినేవాళ్ళు దేశంలో ఇంతమంది ఉన్నారా అని ఆశ్చర్యపోయిన రోజు అది. 1980ల నుంచి తరచుగా తమ దేశానికి మెయిడెన్ వస్తుంటే చూస్తూ పెరిగిన యాభై, అరవై ఏళ్ళ జర్మన్లు ఈ కథను మధ్యలో ఆపకుండా వింటారు. వారికి సులువుగా అందిన కచేరీ కోసం మరొక దేశంలో ఒక తరం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో విన్నాక, తాము చూసిన కచేరీల గురించి వారు చెప్పే తీరులో కూడా ఒక కొత్త ఆప్యాయత వస్తుంది. ఇలాంటి మాటలు రాత్రి రెండింటి దాకా సాగుతాయి, టికెట్టు ధరలో అధిక భాగాన్ని నేను వీటి ఖాతాలోనే రాసుకుంటాను.

వేదిక ముందు కూడా ఇదే మర్యాద కనబడుతుంది. మాష్ పిట్‌లో, అంటే వేదిక ముందు జనం చిందులేసే చోట, ఒకరినొకరు గుద్దుకుంటూ తిరిగేవాళ్ళను దూరం నుంచి చూసినవారికి అది కొట్లాటగా తోస్తుంది, కానీ లోపల ఒకరు కింద పడితే చుట్టూ ఉన్న నాలుగైదు జతల చేతులు ఆ క్షణంలోనే లేపి నిలబెడతాయి. ఎవరి కళ్ళజోడో చెప్పో పోతే చేత్తో పైకెత్తి చూపించి సొంతదారు వచ్చేదాకా ఆగుతారు. చక్రాల కుర్చీలోని అభిమానిని కుర్చీతో సహా చేతుల మీదుగా వేదిక దాకా చేర్చే దృశ్యం ఇక్కడ అరుదు కాదు. చక్రాల కుర్చీల వారికి ఎత్తైన ప్రత్యేక వేదికలున్నాయి, కొన్ని కచేరీలను సంజ్ఞాభాషలోకి మార్చి చెప్పే నిపుణులూ ఉంటారు. 2024లో వాయించిన స్వీడన్ బ్యాండు ఆమన్ అమార్త్ కచేరీల్లో అభిమానులు వరసలుగా నేల మీద కూర్చుని, వైకింగుల పడవ తెడ్లు వేస్తున్నట్టు ముందుకూ వెనక్కూ ఊగుతారు. ముందు కూర్చున్నవాడు ఏ దేశంవాడో వెనుకవాడికి తెలియనక్కర లేదు, లయ తప్పకుండా ఊగితే చాలు. బ్రిటిష్ బ్యాండు మోటర్‌హెడ్ గాయకుడు లెమ్మీ 2015 డిసెంబరులో మరణించగా, ఆయన చితాభస్మంలో కొంత భాగాన్ని 2023లో వాకెన్‌కు తెచ్చారు. ఆయన ఎన్నోసార్లు వాయించిన నేల ఇది కాబట్టి అభిమానులకు అది ఇంటి పెద్దకు చేసే మర్యాదలా అనిపించింది.

ధ్వని విషయంలో నా తీర్పు మిశ్రమం. ఫాస్టర్, హార్డర్ అనే రెండు ప్రధాన వేదికలు పక్కపక్కనే ఉండడం వల్ల ఒకదాని మీద కచేరీ ముగిసిన కొద్ది నిమిషాలకే రెండోదాని మీద మొదలవుతుంది, చోటు మారకుండా సాయంత్రమంతా వినవచ్చు. సౌండ్ మిక్సింగ్ చేసే గోపురానికి కాస్త ముందు నిలబడితే బేస్ డ్రమ్, గిటార్లు దేనికది విడివిడిగా వినిపిస్తాయి. వెనక్కి వెళ్ళేకొద్దీ ఉత్తర సముద్రం వైపు నుంచి వచ్చే గాలి శబ్దాన్ని చెదరగొడుతుంది. జర్మన్ ప్రమాణం ప్రకారం ప్రేక్షకుల దగ్గర అరగంట సగటు శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు, అయినా రోజుకు పది గంటలు వినే చెవికి అది చాలా ఎక్కువ కాబట్టి ఇయర్‌ప్లగ్‌లు లేకుండా ఎవరూ వెళ్ళవద్దు. 150కి పైగా బ్యాండ్లు వాయించే చోట ఇష్టమైన రెండు బ్యాండ్లు ఒకే సమయానికి వేర్వేరు వేదికల మీద ఉండడం తప్పదు, ఎవరిని వదులుకోవాలో ముందే నిర్ణయించుకోవడం మంచిది.

పెద్ద పేర్ల వెంట పడి, పెద్ద డేరా కింద ఉండే చిన్న వేదికలను విడిచిపెట్టవద్దని ప్రత్యేకంగా చెబుతాను. 2023లో ఐరన్ మెయిడెన్, 2024లో స్కార్పియన్స్, 2025లో గన్స్ ఎన్ రోజెస్ వచ్చిన సంగతి అందరికీ తెలుసు. కానీ దేశదేశాల పోటీల్లో నెగ్గిన కొత్త బ్యాండ్లు తలపడే మెటల్ బ్యాటిల్ అనే పోటీ ఈ డేరాలోనే జరుగుతుంది, మన ఉపఖండానికీ అందులో చోటు ఉంటూ వచ్చింది. బెంగళూరు బ్యాండు క్రిప్టోస్ 2013లో, ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్ 2019లో వాకెన్‌లో వాయించాయి. బ్లడీవుడ్ ఢోలుతో మెటల్ వాయిస్తే యూరప్ జనం ఊగిపోయిన తీరు ఆ కచేరీ వీడియోల్లో చూడవచ్చు, ఆ తర్వాత ఆ బ్యాండు పేరు ప్రపంచంలో ఇంకా పెరిగింది.

వాకెన్‌కు ఉన్న పెద్ద లోపం నేల. వాన వచ్చినా ఎండ వచ్చినా కలుద్దామన్నది ఉత్సవ నినాదమే అయినా, మేతబీడు మేతబీడే. 2023లో ఎడతెగని వానలకు నేలంతా అడుసుగా మారి, ట్రాక్టర్లతో వాహనాలను లాగవలసి వచ్చింది. దాదాపు 50,000 మంది చేరేసరికి నిర్వాహకులు ప్రవేశం నిలిపివేసి, రాలేకపోయినవారికి టికెట్టు డబ్బు తిరిగి ఇస్తామన్నారు. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమని ఒప్పుకుంటాను. అయితే హాంబర్గ్ నుంచి వచ్చేవాడికి పోయేది టికెట్టు ఒక్కటే, హైదరాబాదు నుంచి వచ్చేవాడికి విమాన ఛార్జీలూ వీసా ఖర్చూ ఏడాదికి దొరికే సెలవులూ పోతాయి. ఇంత పేరున్న ఉత్సవం దూరదేశాల అభిమానుల కోసం గట్టి నేల మీద కొంత వసతిని కేటాయించి ఉంచితే బాగుంటుంది. ఆ రోజు వచ్చేదాకా మోకాలి ఎత్తు రబ్బరు బూట్లు, గుడారం అడుగున వేసే మందపాటి తార్పాలిన్, రాత్రి చలికి ఉన్ని బట్టలు తప్పనిసరి. ఆగస్టు అయినా తెల్లవారుజామున పన్నెండు, పదమూడు డిగ్రీలే ఉంటుంది.

తిండికి ఇబ్బంది లేదు. లోపల జున్నూ పుట్టగొడుగులూ కూరి కాల్చిన హాండ్‌బ్రోట్ రొట్టె, బంగాళదుంప వేపుళ్ళు, వీగన్ దుకాణాలు ఉన్నాయి కాబట్టి శాకాహారులు నిశ్చింతగా ఉండవచ్చు. ధరలు మాత్రం ఎక్కువ, కనుక గుడారం దగ్గర సొంత తిండి పెట్టుకోవడం మేలు. మొదటి రోజుకు పులిహోర కలిపి తీసుకెళ్ళడం మా బృందానికి అలవాటు. లోపల చెల్లింపులకు ముంజేతి పట్టీలోని చిప్ వాడతారు. తాగునీరు ఉచితం. తాత్కాలిక మరుగుదొడ్లు పొద్దున్నే శుభ్రంగా ఉంటాయి, సాయంత్రానికి ఉండవు.

హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి లుఫ్తాన్సా నేరుగా నడుపుతున్న విమానం దిగితే, అక్కడి నుంచి హాంబర్గ్‌కు వేగవంతమైన రైల్లో దాదాపు నాలుగు గంటలు. హాంబర్గ్ నుంచి ఇట్సెహో పట్టణానికి ప్రాంతీయ రైలు సుమారు గంట, అక్కడి నుంచి ఉత్సవపు బస్సులు ఉంటాయి. ప్రాంతీయ రైలుకు డాయిచ్‌లాండ్ టికెట్టు అనే నెలవారీ పాసు చెల్లుతుంది. జర్మనీ రావడానికి కావలసిన షెంగెన్ వీసా అపాయింట్‌మెంటు దొరకడానికి వేసవిలో నెలలు పట్టవచ్చు, కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లోనే ఆ పని మొదలుపెట్టాలి.

ఒంటరిగా రావడానికి జంకేవారికి, ఇంత ఖర్చు ఇప్పట్లో పెట్టలేనివారికి బెంగళూరు ఓపెన్ ఎయిర్ మంచి మొదటి మెట్టు. వాకెన్ సహకారంతో 2012లో మొదలైన ఆ ఉత్సవంలో గుడారాల జీవితం లేకపోయినా, పిట్‌లోని మర్యాదా అపరిచితుల స్నేహమూ ఇక్కడివే. వాకెన్‌కే రావాలని నిశ్చయించుకున్నవారు మాత్రం ఉత్సవం ముగిసిన మరునాటి ఆదివారం సాయంత్రమే కంప్యూటర్ ముందు సిద్ధంగా కూర్చోవాలి. మరుసటి ఏటి టికెట్ల అమ్మకం అప్పుడే మొదలవుతుంది, 2024 ఉత్సవానికి అవి దాదాపు నాలుగున్నర గంటల్లోనే అయిపోయాయి. ఏ బ్యాండ్లు వస్తాయో పూర్తిగా ప్రకటించక ముందే అంతమంది కొన్నారు.