కొర్రమీనుకి బాస్ బ్లాంక్: నాలుగేళ్ళు వాడాక

నాలుగేళ్ళ కిందట నేను సొంతంగా కట్టుకున్న గాలం కర్ర గురించి రాస్తున్నాను. కర్ర అంటున్నాను గానీ అసలు సంగతి బ్లాంక్, అంటే గైడ్లు (లైన్ దూరి వెళ్ళే రింగులు), రీల్ సీటు (లైన్ చుట్టే రీల్‌ని బిగించే చోటు), హ్యాండిల్ ఏవీ బిగించని ఒట్టి కార్బన్ గొట్టం. దీన్ని అమ్మేటప్పుడు బాస్ క్యాస్టింగ్ బ్లాంక్ అని రాస్తారు. బాస్ అమెరికా చేప కదా, నాగావళిలో దానితో నీకేం పనిరా అని నన్ను ఇప్పటికే చాలామంది అడిగారు. ఆకుల నీడలో నక్కి ఉండి, పైన కప్ప కదిలిందంటే ఒక్క ఊపున ఎగబడే గుణం దానికీ ఉంది, మన కొర్రమీనుకీ ఉంది. అందుకే దాని కర్ర దీనికి సరిపోతుంది. కాకపోతే మనది పట్టిన వెంటనే గుర్రపుడెక్క వేళ్ళలోకి దూరిపోతుంది, అక్కడినుంచి లాగడానికి కింది భాగంలో బలం కావాలి.

నా బ్లాంక్ ఏడడుగులు, ఒకటే ముక్క, మీడియం హెవీ పవర్ (పవర్ అంటే వంగడానికి ఎంత బరువు కావాలన్నది), ఫాస్ట్ యాక్షన్ (యాక్షన్ అంటే ఎక్కడిదాకా వంగుతుందన్నది). ఎర 10 నుంచి 28 గ్రాములు, లైన్ 12 నుంచి 20 పౌండ్లు అని రాసుంది. 24 టన్ కార్బన్ (టన్ అంటే కార్బన్ బిగువు లెక్క). అప్పట్లో నాలుగు వేల చిల్లర పడింది. ఎక్కువగా వాడింది పొందూరు చుట్టుపక్కల చెరువుల్లో (సొసైటీ వాళ్ళని అడిగే), నారాయణపురం ఆనకట్ట కింద, ఏడాదికి రెండు మూడుసార్లు మడ్డువలస దగ్గర.

ఇది నా రెండో బ్లాంక్. మొదటిది 40 టన్‌ది, చేతిలో పట్టుకుంటే పక్షి ఈకలా ఉండేది, దాన్ని చూసి నేను పడిపోయాను. ఐదు నెలలకి విరిగింది. కిలోన్నర చేప గట్టుదాకా వచ్చేసింది, గట్టు నిటారుగా ఉంది, కిందకి దిగడానికి బద్ధకించి కర్రని నిలువుగా ఎత్తి చేపని పైకి లేపబోయాను. ఠప్‌మని చప్పుడు, చేతిలో నాలుగున్నర అడుగుల కర్ర మిగిలింది. అలా నిలువుగా ఎత్తితే బరువంతా కొన దగ్గరి సన్నటి భాగం మీదే పడుతుంది, అడుగు భాగానికి పనే ఉండదు. పైగా అంతకు వారం ముందు బండి మీద వెళ్తుంటే సీసం గుండు ఊగి ఊగి కర్రకి కొట్టుకుంది, చూస్తే చిన్న గీతే కదా అని వదిలేశాను. టన్ పెరిగేకొద్దీ తక్కువ కార్బన్‌తోనే అంత బిగువు వస్తుంది కాబట్టి గొట్టం గోడ పలచగా చేస్తారు, బరువు తగ్గేది అందుకే, దెబ్బకి ఓర్చుకోలేనిదీ అందుకే. మా బావ చూసి, "ఏట్రా, రెండొందల వెదురు గెడ ఎన్నేళ్ళొస్తాదో తెలుసా నీకు?" అన్నాడు. ఏం చెప్తాం.

అందుకే రెండోసారి టన్ను లెక్కలు పక్కన పెట్టేశాను. పవర్ పేరు కూడా నమ్మలేదు, ఎందుకంటే మీడియం హెవీ అంటే ఇంత అని అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత లేదు, ఎవరి ఇష్టం వాళ్ళది. విజయనగరంలో నాలాంటి పిచ్చే ఉన్న స్నేహితుడి దగ్గర మీడియం హెవీ అని రాసున్న ఏడడుగుల బ్లాంకులు మూడున్నాయి. అమెరికాలో హానెమన్ అనే ఆయన ఒక సెంటు నాణేలు వేలాడదీసి కర్ర బలం కొలిచే పద్ధతి పెట్టాడు. ఇంత మోటు కర్రకి నాణేలంటే వందల్లో కావాలి, మేం నీళ్ళతో చేశాం. బ్లాంక్ అడుగుని బల్లకి బిగించి, అడ్డంగా నిలబెట్టి, కొనకి ఖాళీ లీటరు బాటిల్ కట్టి, కొన కర్ర పొడవులో మూడోవంతు, అంటే 28 అంగుళాలు కిందకి వంగేదాకా గ్లాసుతో నీళ్ళు పోసుకుంటూ పోయాం. ఒకటి 480 మిల్లీలీటర్లకే వంగింది, ఇంకోటి 630కి, మూడోది 800 దాటినా మొండికేసింది. మూడింటి మీదా ఒకటే పేరు! మధ్యలోది ఏ కంపెనీదో చూసి అదే మోడల్ తెప్పించుకున్నాను.

నా అభిప్రాయం, మీ పెట్టెలో ఎక్కువగా ఉండే ఎర ఎంత బరువో ముందు తూచుకోండి. నా రబ్బరు కప్పలు 12 నుంచి 15 గ్రాములు, అది ఈ బ్లాంక్‌కి సరిగ్గా నప్పింది. ఏడు గ్రాముల బుల్లి కప్పని మాత్రం నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా సరిగా విసరలేకపోయాను, కొన వంగదు, ఎర గాల్లో రెపరెపలాడి దగ్గరే పడుతుంది. ఫాస్ట్ యాక్షన్ మీద ఫిర్యాదు లేదు. పైన మూడోవంతే వంగుతుంది, చేప కప్పని మింగాక రెండు లెక్కపెట్టి కర్రని ఒక్క గుంజు గుంజితే కొక్కెం దిగుతుంది. మూడు ముళ్ళ కొక్కేలున్న ఎరలే ఎక్కువ వాడేవాళ్ళు ఇంకాస్త మెత్తగా, సగందాకా వంగేది తీసుకుంటే చేప జారదు.

వెన్ను గురించి చాలామంది భయపెడతారు. కార్బన్ గుడ్డని ఉక్కు కడ్డీకి చుట్టి కాలుస్తారు కదా, అంచులు ఒకదాని మీద ఒకటి పడినచోట కాస్త బిగువు ఎక్కువ ఉంటుంది, అదే వెన్ను. దాన్ని వెతకడానికి రెండు రోజులు తగలేశాను. గైడ్లు కర్ర పైన ఉన్నంతకాలం వెన్ను ఎటు పెట్టినా బరువు పడితే మెలి తిరగాలనే చూస్తుంది. ఇప్పుడైతే ఒక కన్ను మూసి, బ్లాంక్ ఎటు తిప్పితే తిన్నగా కనిపిస్తుందో చూసి గైడ్లు కట్టేస్తాను, అంతే. గైడ్లు మొదట ఏడు అనుకున్నాను, టేపుతో అంటించి లైన్ ఎక్కించి వంచి చూస్తే మధ్యలో లైన్ కర్రకి రాసుకుంది. ఎనిమిది, కొన గైడు కాక, చేస్తే గానీ కుదరలేదు.

గైడ్లని కర్రకి బిగించే దారం చుట్టడం మా పిన్నిని చూసి సిగ్గుపడాల్సిన పని. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్న నూలు తీసే ఇంట్లో పుట్టింది, నేను నైలాన్ దారం చుట్టేటప్పుడు సందులు వదులుతుంటే, "నాయనా, చేప దవడతో మేం పని చేస్తాం, నువ్వు చేప కోసం ఈ పని చేస్తున్నావు, మాకంటే నీకే తొందరెక్కువ" అని నవ్వి గోటితో పోగులు దగ్గరికి జరిపింది. ఆవిడ దగ్గర తెచ్చుకున్న పత్తి పింజె ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నెలకోసారి గైడ్ రింగుల్లో తిప్పుతాను, ఎక్కడైనా చిన్న పగులుంటే పోగు పట్టుకుంటుంది. అలా రెండో ఏడాది కొన గైడు పగులు దొరికింది, లేకపోతే లైను తెగేదాకా తెలిసేది కాదు. ఆ దారం మీద ఎపాక్సీ జిగురు పూసిన రాత్రి వాన, కిటికీలోంచి వచ్చిన దీపం పురుగు ఒకటి మూడో గైడు మీద అతుక్కుపోయింది. తీయబోతే గీత పడుతుందని వదిలేశాను.

ఈ నాలుగేళ్ళలో పెద్ద ఇబ్బంది నా తప్పు వల్లే వచ్చింది. బ్లాంక్ అడుగు సన్నం, రీల్ సీటు లోపల వెడల్పు, మధ్య ఖాళీకి కాగితం టేపు చుట్టేశాను, మధ్యలో సందు లేకుండా. నీళ్ళు దిగి టేపు మెత్తబడి, మడ్డువలసలో చేప మీదుండగా రీల్ పక్కకి తిరిగిపోయింది. విప్పి మళ్ళీ కట్టాను, ఈసారి టేపు కట్టల మధ్య ఖాళీలు వదిలి ఎపాక్సీ నిండా పోశాను. బ్లాంక్‌కి మాత్రం ఏమీ కాలేదు. రంగు వెలిసింది, కిందివైపు గీతలున్నాయి, వంపులో తేడా లేదు. మొన్న మళ్ళీ బాటిల్ కట్టి చూశాను, దాదాపు అంతే నీళ్ళు.

మళ్ళీ కొంటే ఇదే పవర్ రెండు ముక్కల్లో కొంటాను. ఏడడుగుల కర్రతో బస్సెక్కితే కండక్టరుకీ టెన్షనే, నాకూ టెన్షనే. పార్సిల్‌లో తెప్పించుకునేవాళ్ళు పీవీసీ పైపులో పెట్టి పంపమని ముందే అడగండి, అట్టగొట్టంలో వచ్చిన ఒకటి కొన నలిగి వచ్చింది, తిరిగి పంపడానికి నెల పట్టింది. ఇంకోటి, కార్బన్‌కి కరెంటు పాకుతుంది, చెరువు గట్టు మీద తీగలుంటే కర్ర పడుకోబెట్టి నడవండి, ఉరుము వినిపిస్తే మూటగట్టేయండి.

కళింగపట్నం మొగలో పండుగప్ప కోసం ఇంకో బ్లాంక్ చూస్తున్నాను, ఎనిమిదడుగులది. అమ్మేవాడిని నీళ్ళ బాటిల్ కట్టి వీడియో తీసి పంపమన్నాను, ఇంకా జవాబు రాలేదు.