ఒక చేయి బలహీనంగా ఉన్న పాపకు పాటీ అలవాటు: రెండేళ్లకు పైగా వాడిన వస్తువులపై నా సమీక్ష

ఒక చేయి సరిగా కదలని పిల్లలకు పాటీ, అంటే మలమూత్రాలకు కూర్చునే చిన్న కుర్చీ, అలవాటు చేయాలనుకుంటున్నవారు ముందుగా నిక్కర్ల సంగతి చూసుకోండి. పాటీ ఎంపిక ఆ తర్వాత. రెండేళ్లకు పైగా మా పాపతో రకరకాల వస్తువులు వాడాక నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదే. మూత్రం ఆపుకోవడం, వచ్చినప్పుడు చెప్పడం తన వయసు పిల్లలందరిలాగే తనకూ వచ్చేశాయి. వాటికి చేతితో పనిలేదు. చిక్కంతా చెప్పిన తర్వాత మొదలవుతుంది. నిక్కరు దించుకోవాలి, పడిపోకుండా కూర్చోవాలి, శుభ్రం చేసుకోవాలి, మళ్లీ నిక్కరు పైకి లాక్కోవాలి. ఇందుకోసం అమ్మే వస్తువులన్నీ పిల్లలకు రెండు చేతులూ పనిచేస్తాయన్న లెక్కతో తయారైనవే.

మా పాపకు పుట్టినప్పుడు కుడివైపు బ్రాకియల్ ప్లెక్సస్ దెబ్బతింది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరి చేతికి వెళ్లే నరాల అల్లిక అది. ఆ నరాల మూలాలను పై నుంచి కిందికి సి5 నుంచి టి1 వరకు పేర్లతో గుర్తిస్తారు. వీటిలో పైన ఉన్న సి5, సి6 దెబ్బతింటే ఎర్బ్స్ పాల్సీ అంటారు. భుజం పైకి లేవదు, మోచేయి మడవడం కష్టం, అరచేతిని పైవైపుకు తిప్పలేరు. వేళ్లు మాత్రం చాలావరకు పనిచేస్తాయి. మా పాప కుడిచేయి అలాంటిదే. పొట్ట దగ్గర ఏదైనా అందిస్తే పట్టుకుంటుంది, నడుము వెనక్కి మాత్రం పోదు. కాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఒక పక్క చేయీ కాలూ రెండూ బిగుసుకుపోయే హెమిప్లీజియా ఉన్న పిల్లలకు కూర్చునేటప్పుడు ఇంకా ఎక్కువ ఆసరా కావాలి. ముక్కినప్పుడు ఆ చేయి మరింత ముడుచుకుని ఒంటిని ఒక పక్కకు లాగవచ్చు కూడా. కాబట్టి నేను రాసేది వాళ్లకు కొంతవరకే సరిపోతుంది.

మొదట వాడింది పాట వినిపించే పాటీ. దాని అడుగు ఇరుకు. పాప ఎడమ పక్కకు వంగితే చాలు, పాటీ కూడా ఒరిగేది. ముందువైపు ఎత్తుగా ఉండే అడ్డుపలక కూర్చునేటప్పుడు తొడకు తగిలేది. కొద్దిరోజులకే పక్కన పెట్టేశాం.

ఎక్కువకాలం నిలిచింది నేల మీద పెట్టే మామూలు పొట్టి కుర్చీ. వెడల్పైన అడుగు, కింద జారకుండా రబ్బరు పట్టీ, వీపు ఆనుకోవడానికి పలక, ముందు నుంచి సొరుగులా ఒక చేత్తో లాగేసే గిన్నె. ఇంతకు మించి ఏమీ లేదు, అక్కర్లేదు కూడా. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే కాస్త ఎత్తులో ఉండాలి. మలవిసర్జన సులువుగా జరగడానికి ఏ పిల్లలకైనా ఈ భంగిమే మంచిది. మా పాప విషయంలో దీనికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. పాదాలు గాలిలో వేలాడితే భయంతో బాగున్న ఆ ఒక్క చేత్తో అంచును గట్టిగా పట్టుకుంటుంది. ఇక మిగతా పనులు చేయడానికి చేయి ఎక్కడిది?

అందుకే పట్టుకునే పిడి కంటే ఆనుకునే చోటు ముఖ్యమని నా గట్టి నమ్మకం. చేయి ఒక్కటే ఉన్నప్పుడు పిడి పట్టుకోవడం అంటే ఆ చేతికి సంకెల వేయడమే. బరువు మోయాల్సింది పాదాలు, వీపు, భుజం. మేము పాటీని పాప కుడి భుజానికి గోడ తగిలేలా జరిపి పెట్టాం. శుభ్రం చేసుకోవడానికి ఎడమచేయి వెనక్కి వెళ్లినప్పుడు ఒళ్లు కుడివైపుకు ఒరుగుతుంది. మామూలు పిల్లలైతే ఆ పక్క చేతిని నేలకో తొడకో ఆనించి ఆపుకుంటారు, మా పాపకు అది కుదరదు. అక్కడ గోడ ఉంటే చాలు. బలహీనమైన చేయి వైపు గోడ, బాగున్న చేయి వైపు ఖాళీ జాగా. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు, దీనివల్ల జరిగిన మేలు మాత్రం కొన్న చాలా వస్తువుల వల్ల జరగలేదు.

కమోడ్ మీద బిగించే మెత్తటి సీటు, దానికి జతగా వచ్చే నిచ్చెన నాకు అస్సలు నచ్చలేదు. సీటుకు రెండు పక్కలా పిడులుంటాయి. పాప ఎడమ పిడి ఒక్కటే పట్టుకుంటే బరువంతా అటే పడి సీటు జరుగుతుంది. నిచ్చెన ఇంకా ఇబ్బంది. ఎక్కడం బాగానే ఎక్కుతుంది, కానీ పైమెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చోవాలి. అప్పుడు ఎడమచేయి ఒక కమ్మీని వదిలి రెండోదాన్ని అందుకోవాలి. మధ్యలో ఏ చేయీ దేన్నీ పట్టుకుని ఉండదు. ఆ క్షణం నాకు ఎప్పుడూ నచ్చలేదు, పక్కన పెద్దవాళ్లు లేకుండా ఎక్కనివ్వలేదు. తర్వాత మరలతో గట్టిగా బిగించే గట్టి సీటు, పైన నిలబడి తిరిగేంత వెడల్పున్న బరువైన పీట, ఎడమవైపు గోడకు ఒక కమ్మీ పెట్టాం. కమ్మీ ఎక్కడానికి, దిగడానికి మాత్రమే. కూర్చున్నాక పాదాలు పీట మీదే ఉంటాయి.

ఇక నిక్కర్లు. సన్నటి గుండ్రటి ఎలాస్టిక్ ఉన్నవి, జీన్స్ లాంటి బిరుసు గుడ్డవి, గుండీ లేదా జిప్పు ఉన్నవి అన్నీ తీసేశాం. సాగే గుడ్డతో, వెడల్పైన మెత్తటి ఎలాస్టిక్‌తో, ఒక సైజు పెద్దవి తీసుకున్నాం. నడుము లోపలివైపు వెనక మధ్యలో ఒకటి, కుడి పక్కన ఒకటి రంగు నాడాతో చిన్న లూపులు కుట్టాను. బొటనవేలు దూరేంత ఉంటే చాలు, పెద్దవైతే దేనికో ఒకదానికి తట్టుకుంటాయి. దించేటప్పుడు ఎడమచేయి ముందు ఎడమ పక్కను కొంచెం తోస్తుంది, పొట్ట మీదుగా వెళ్లి కుడి పక్కను తోస్తుంది, చివరికి వెనకభాగం. పైకి లాగేటప్పుడు మొదట వెనక లూపు పట్టుకుని పిరుదులు దాటించాలి, ఆ తర్వాత మిగతాది దానంతటదే వస్తుంది. ముందుభాగం మొదట లాగితే వెనక చిక్కుకుపోయి పాపకు ఏడుపు వచ్చేస్తుంది. కడిగాక ఒళ్లు తడిగా ఉంటే ఎంత మంచి ఎలాస్టిక్ అయినా లాభం లేదు, గుడ్డ తొడలకు అతుక్కుని అక్కడే ఆగిపోతుంది. పూర్తిగా తుడిచాకే నిక్కరు.

గౌను సులువు కదా అని చాలామంది సలహా ఇస్తారు. ఒంటి చేతికి గౌను అన్నింటికంటే కష్టం. గౌను ఎత్తి పట్టుకోవడానికి ఒక చేయి, లోపలి బట్ట దించడానికి ఇంకో చేయి కావాలి. నడుము దాటని పొట్టి చొక్కా, నిక్కరు వేస్తే హాయి. చొక్కా కాస్త పొడవైనా మా పాప కుడిచేతికి దాని అంచు అందిస్తాం, పొట్ట దగ్గర నొక్కి పట్టుకుంటుంది. బలహీనమైన చేతికి కూడా రోజూ ఒక నిజమైన పని దొరకడం నాకు ఎంతో ఇష్టంగా అనిపిస్తుంది.

మాకు దారి చూపింది ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే నిపుణులు. పనిని చివరి నుంచి నేర్పమన్నారు. నిక్కరు దాదాపు నడుము దాకా మేమే లాగి, ఆఖరి రెండు అంగుళాలు పాపకు వదిలేశాం. అది వచ్చాక తుంటి దగ్గర నుంచి, ఆ తర్వాత మోకాళ్ల దగ్గర నుంచి. ప్రతిసారీ పని ముగించేది తనే కాబట్టి విసుగు లేదు, "నేనే చేశాను" అంటుంది. తిన్న తర్వాత పేగులు సహజంగానే కదులుతాయి కాబట్టి భోజనం అయిన కాసేపటికి కూర్చోబెట్టేవాళ్లం. అయిదు నిమిషాల్లో రాకపోతే లేపేసేవాళ్లం.

చేతులు కడుక్కోవడానికి నురుగు సబ్బు పంపు బాగుంది, గోడకు బిగించినది అయితే ఇంకా బాగుంది. బల్ల మీద పెట్టిన సీసా ఒక చేత్తో నొక్కితే జారిపోతుంది. గుండ్రంగా తిప్పే కుళాయి కంటే మోచేత్తో తోయగల మీట ఉన్నది నయం. సింకు ముందు ఎత్తైన పీట వేశాం. చేయి పైకి లేవనప్పుడు మనిషిని పైకి లేపడమే మార్గం. సింకు నడుము ఎత్తుకు వచ్చాక కుడి వేళ్లు కూడా నీళ్లలోకి వస్తున్నాయి, ఎడమచేతిని రుద్దే పని అవే చేస్తున్నాయి.

మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోవడం ఇంకా పూర్తిగా రాలేదు, చివరిసారి మేమే చూస్తాం. చుట్ట నుంచి ఒక చేత్తో కాగితం చింపడం కష్టం కాబట్టి మడతలుగా డబ్బాలో ఉండేవి ఎడమవైపు పెట్టాం. బడిలో టీచరుకు మూడు సంగతులు చెప్పి ఉంచాం: కుడిచేయి పట్టుకుని లేపవద్దు, పీట గోడ నుంచి జరపవద్దు, నిక్కరు ఆగిపోతే వెనక లూపు తన చేతికి అందించి కాసేపు చూడండి.