రక్తమా, మూత్రమా, వెంట్రుకలా: ఒంట్లో సీసం, ఆర్సెనిక్ చూడాలంటే ఏది మేలు?

గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో నల్లగొండ పేరు వచ్చినప్పటి నుంచి మా ల్యాబ్ కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న తగ్గడం లేదు: "హెవీ మెటల్స్ టెస్ట్ చేస్తారా?" అంటే ఒంట్లో సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు ఎంతున్నాయో చూసే పరీక్ష. దామరచర్ల వాళ్లకు థర్మల్ ప్లాంటు బొగ్గు బూడిద భయం. చౌటుప్పల్, పోలేపల్లి వైపు వాళ్లకు కంపెనీల పొగ. క్రషర్ల పక్క ఊళ్ల వాళ్లకు దుమ్ము. శాంపిల్ తీసుకుని హైదరాబాద్ పంపిస్తామని చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది. రక్తం ఇస్తే చాలా, మూత్రం కూడా ఇవ్వాలా, లేకపోతే ఫోన్లో యాడ్ చూపిస్తున్నట్టు నాలుగు వెంట్రుకలు కత్తిరించి పోస్టులో పంపితే సరిపోతుందా?

మోజంతా వెంట్రుకల మీదే. సూది గుచ్చే పని లేదు, పిల్లలు ఏడవరు, రిపోర్టేమో రంగురంగుల గీతలతో కళకళలాడుతూ వస్తుంది. మిర్యాలగూడ నుంచి ఒకాయన అలాంటి రిపోర్టే తెచ్చి నా ముందు పెట్టాడు. "మా పిల్లగాని వెంట్రుకలు పంపినం సార్. సీసం, అల్యూమినియం రెండూ ఎర్రగీత దాటినయట. ఏం మందు వాడాలె?" రిపోర్టు కింది భాగంలో మందుల పేర్లు కూడా ఉన్నాయి, అమ్మేది టెస్టు చేసినవాళ్లే. ఆయనకు బ్యాటరీల షాపుంది. బడి వదలగానే పిల్లాడు అక్కడే కూర్చుంటాడు. సీసం దుమ్ము ఎగిరే చోట రోజూ గంటలకొద్దీ కూర్చున్న తల మీద సీసం లేకపోతేనే వింత.

నా దృష్టిలో ఏ పరీక్ష మేలన్నది తేల్చేది ఇదొక్కటే: బయట అంటిన లోహాన్ని, లోపలికి పోయిన లోహాన్ని ఆ శాంపిల్ వేరు చేసి చూపగలదా? ధర, నొప్పి, రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుందన్నవి ఆ తర్వాత సంగతి. వెంట్రుక చీపురు లాంటిది, ఊరి దుమ్మంతా దానికే పడుతుంది. తలస్నానం చేసిన బోరు నీళ్లు, పెట్టుకున్న రంగు, రోడ్డు దుమ్ము, కొన్ని షాంపూలు, అన్నీ దాని మీద ముద్ర వేస్తాయి. ల్యాబ్‌లో వెంట్రుకలు కడిగిన తర్వాతే పరీక్ష చేస్తారు, నిజమే. కానీ ఎంత కడిగితే బయటిది మాత్రమే పోయి లోపలిది మిగులుతుందో అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. 2001లో అమెరికాలో ఒకే మనిషి వెంట్రుకలను ఆరు ల్యాబ్‌లకు పంపి చూశారు. 12 ఖనిజాల విషయంలో అతి ఎక్కువ అంకెకూ, అతి తక్కువ అంకెకూ మధ్య తేడా పది రెట్లు దాటింది. ఫలితాలతో పాటు ల్యాబ్‌లు ఇచ్చిన తిండి సలహాలు కూడా ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి.

వెంట్రుకకు నిజంగా పేరు తెచ్చిన లోహం ఒకటుంది. చేపల ద్వారా ఒంట్లోకి చేరే మిథైల్ పాదరసం. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కుదురు నుంచి ముక్కలు ముక్కలుగా కోసి చూస్తే ఏ నెలలో ఎంత పాదరసం పోయిందో తెలుస్తుంది. 1971–72లో ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకుని వేలమంది జబ్బుపడినప్పుడు ఇలాగే లెక్క కట్టారు. వారానికోసారి చెరువు చేప తినే మనకు ఆ అవసరం ఎంతమాత్రం వస్తుంది?

ఇక రక్తం. సీసం కోసమైతే వేరే మాట లేదు, నరం నుంచి తీసిన రక్తమే. రక్తంలోని సీసం దాదాపు అంతా ఎర్రకణాల్లోనే ఉంటుంది కాబట్టి రక్తం మొత్తాన్ని పరీక్షించాలి. సీరం, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవం, వేరు చేసి చూస్తామంటే ఒప్పుకోకండి. వేలి చివర గుచ్చి తీసే పద్ధతి పిల్లలకు సులువే గానీ, చర్మం మీది దుమ్ము చుక్కలో కలిసిపోతుంది. బయట అంటినదాని గొడవ మళ్లీ వచ్చినట్టే. అందుకే వేలి రక్తంలో ఎక్కువ వస్తే నరం నుంచి తీసి మళ్లీ చూడాలన్నది నియమం. మేమైతే చెయ్యి సబ్బుతో కడిగించాకే తీస్తాం. ట్యూబు కూడా మామూలుది కాదు. లోహాల పరీక్షకని ప్రత్యేకంగా చేసిన ముదురు నీలం మూత ట్యూబు, లేదా సీసానికి పనికొస్తుందని ల్యాబ్ ధ్రువీకరించిన ట్యూబు ఉండాలి. రక్తం తీసే ముందు ఆ మూత రంగు చూసి అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ శుభ్రత పిచ్చి కొత్తదేమీ కాదు. సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో లెక్కగట్టిన అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్‌కు మొదట్లో ఆ కొలతలు ఎంతకీ కుదరలేదు. గాలిలో, గాజు సామానులో, తన బట్టల మీద, అంతటా సీసమే. గదినంతా శుభ్రం చేసుకుని కొలిచేసరికి ఆ సీసంలో ఎక్కువ భాగం పెట్రోలు పొగ నుంచి వస్తోందని అర్థమైంది. 1965 నుంచి ఆయన దాని మీద పోరాడాడు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో గానీ ఆగలేదు.

రక్తానికీ ఒక లోపముంది. అందులో సీసం సగానికి తగ్గడానికి దాదాపు నెల చాలు. ఒంట్లోకి చేరిన సీసంలో ఎక్కువ వాటా ఎముకల్లోకి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. కాబట్టి రక్తం చెప్పేది ముఖ్యంగా ఈ మధ్య నెలల ముచ్చట. పదేళ్ల కిందట బ్యాటరీలు కరిగించే పని మానేసిన మనిషికి రక్తంలో తక్కువ రావచ్చు, ఎముకలో నిల్వ అలాగే ఉండవచ్చు. గర్భిణికి ఎముక నుంచి కాల్షియంతో పాటు సీసమూ కొంత కదిలి రక్తంలోకి వస్తుంది. పాత బ్యాటరీ పనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు గర్భంతో ఉంటే ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

రిపోర్టులో 'నార్మల్' అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. పిల్లల రక్తంలో సీసం 100 మిల్లీలీటర్లకు 10 మైక్రోగ్రాములు దాటితేనే ఆలోచించాలన్నది పాత లెక్క. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ దాన్ని 2012లో 5కు, 2021లో 3.5కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దాటితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమంటోంది. ఇంతకన్నా తక్కువైతే క్షేమమని చెప్పగల మట్టమేదీ లేదు. బ్యాటరీ షాపు పిల్లాడి రక్తం చూపిస్తే సీసం కనిపించింది గానీ, ఆ ఎర్రగీత భయపెట్టినంత లేదు. డాక్టరు మందేమీ రాయలేదు. పిల్లాడిని షాపుకు రానివ్వొద్దన్నాడు, తండ్రిని పని బట్టలతో ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాడు.

ఆర్సెనిక్ దగ్గరికి వచ్చేసరికి రక్తం వెనకబడుతుంది. కొన్ని గంటల్లోనే రక్తం నుంచి దాదాపు ఖాళీ అయి మూత్రంలోకి వచ్చేస్తుంది. మూత్రంలో రెండు మూడు రోజులు దొరుకుతుంది. ఇక్కడ మన వాళ్లు తరచూ బోల్తా పడేది తిండి దగ్గర. పరీక్షకు ముందురోజు ఏ పెళ్లిలోనో సముద్రపు చేపలో, రొయ్యలో తిని వస్తారు. వాటిలో హాని చేయని ఆర్సెనిక్ బోలెడు ఉంటుంది. మొత్తం ఆర్సెనిక్ అంకె ఆకాశానికి ఎగబాకుతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. కనీసం మూడు రోజులు, కుదిరితే ఐదు రోజులు అవి మానండి. ఎక్కువ వస్తే ఏ రకం ఆర్సెనిక్ ఎంతుందో విడదీసి చూపే పరీక్ష అడగండి. సీటీ, ఎమ్మారైల కోసం రంగు మందు ఎక్కించుకున్నవాళ్లు కూడా నాలుగు రోజులు ఆగి రావాలి. శాంపిల్ పని బట్టలతో పని చోట ఇవ్వకుండా, చేతులు కడుక్కుని ఇంటి దగ్గర పట్టి తేవాలి.

కాడ్మియం కూడా మూత్రంలోనే మేలు. అది కిడ్నీల్లో దశాబ్దాలు నిలుస్తుంది, మూత్రంలో కనిపించేది ఆ నిల్వ జాడ. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఎక్కువ వస్తే కంపెనీని తిట్టే ముందు జేబు తడుముకోవాలి.

మూత్రం విలువ మన జిల్లాకు తెలియనిది కాదు. 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఇక్కడి ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే కుర్రవాళ్లను పరిశీలించారు. ఆ ప్రాంతపు జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువుందని గమనించారు. అది ఎక్కువున్న జొన్న తినిపించి చూస్తే ఎముకలకు కావాల్సిన రాగి మూత్రంలో ఎక్కువగా బయటికి పోతోంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, పళ్లెంలోని లోహం కూడా కాళ్ల వంకరలో భాగస్వామి కావచ్చన్న అనుమానానికి ఆధారం అక్కడ దొరికింది.

ఒక రకం మూత్ర పరీక్షకు మాత్రం దూరంగా ఉండండి. ముందు లోహాలను బయటికి లాగే మందు ఇచ్చి, ఆ తర్వాత మూత్రం పట్టి, మామూలు మనుషుల అంకెలతో పోలుస్తారు. మందిచ్చాక ఎవరికైనా ఎక్కువే వస్తుంది. ఆ పోలికకు శాస్త్రీయమైన ఆధారం లేదని అమెరికా విషవైద్య నిపుణుల సంఘం 2009లోనే తేల్చి చెప్పింది. 'డిటాక్స్' కోర్సులు అమ్మేవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది.

గోళ్లు, పాలపళ్లు పరిశోధకుల పనికి బాగుంటాయి. 1979లో పిల్లల ఊడిన పాలపళ్లలో సీసం కొలిచి, అది ఎక్కువున్నవాళ్లు తెలివితేటల పరీక్షల్లో వెనకబడుతున్నారని అమెరికా డాక్టరు హెర్బర్ట్ నీడిల్‌మన్ చూపాడు. మనకు రిపోర్టు కావాలంటే వాటితో పని లేదు. సన్న దుమ్ము, అంటే పీఎం 2.5 ఊపిరితిత్తులకు ఏం చేసిందన్నది ఈ పరీక్షల్లో ఏదీ చెప్పదు. దానికి ఊదుడు పరీక్షకు, ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇరవై లోహాల ప్యాకేజీ అడిగినవాళ్లను నేను ముందు అడిగేది ఏం పని చేస్తారు, ఇంట్లో ఎవరేం పని చేస్తారని. బ్యాటరీ, రేడియేటర్ రిపేరు, పాత రంగులు గీకే పని అయితే సీసానికి రక్తం. బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉందని అనుమానమైతే మూత్రం, దాంతోపాటు ఆ నీళ్లు కూడా. ఏ పనీ లేదు, భయం ఒక్కటే ఉందంటే డబ్బులు దాచుకుని ముందు డాక్టరును కలవమంటాను. సీసం కొంచెం ఎక్కువ వచ్చిన పిల్లలకు మూలం దొరికి ఆపేశాక మూడు నెలల లోపు మళ్లీ నరం రక్తం చూపించాలి. అంకె చాలా ఎక్కువుంటే అన్నాళ్లు ఆగకూడదు. రెండోసారి కూడా అదే ల్యాబ్‌కు, అదే రకం ట్యూబులో పంపండి, అప్పుడే ఆ రెండు అంకెలను పోల్చడానికి వీలుంటుంది.