వైజాగ్‌లో మూడు రాత్రులు, సెల్లార్‌లో ఆగిపోయిన కారు

వైజాగ్ మీద నాకు ఏ కోపమూ లేదు. కోపమంతా మేం దిగిన లాడ్జి మీదే. బీచ్ రోడ్డుకి రెండు వీధులు వెనక, ఏసీ రూమ్ రోజుకి 2,200. కాకినాడ నుంచి శుక్రవారం రాత్రి చేరాం. నేను, మా ఆవిడ, మామగారు, ఎనిమిదేళ్ల మా పాప. బుక్ చేసేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, కారు పార్కింగ్ ఉందా అని. సెల్లార్ ఉంది సార్ అన్నారు. ఉంది కానీ అది ఎలాంటి సెల్లారో అడగలేదు.

శనివారం పొద్దున్నే రైల్లో అరకు వెళ్లి రాత్రికి బస్సులో వచ్చేశాం, హాయిగా గడిచింది. ఆదివారం కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మూరి మిక్చర్, అన్నీ నడకే. కురుసురలో గైడు చెప్పిన మాట పాపకి బాగా పట్టింది. నీళ్ల కింద అది బ్యాటరీల మీదే నడిచేదట, ఛార్జింగ్ కోసం పైకి వచ్చి డీజిల్ ఇంజన్లు తిప్పాల్సి వచ్చేదట. 2001లో నేవీ దాన్ని విరమింపజేసిందని, మరుసటి ఏడాది మ్యూజియం అయిందని కూడా చెప్పాడు. ఈ రెండు రోజులూ రైలూ బస్సూ నడకే కాబట్టి శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటిదాకా మా కారుని మేం ముట్టుకోలేదు. పాప బొమ్మ కోసం వెనక సీట్లో వెతికి లోపలి లైటు వేసి వదిలేసింది, అది మూడు రాత్రులూ వెలుగుతూనే ఉంది. ఈ సంగతి తర్వాత తెలిసింది.

సోమవారం ఏడున్నరకి సింహాచలం బయలుదేరాలి. మామగారు తలస్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, కాఫీ కూడా తాగకుండా వచ్చి కూర్చున్నారు. తాళం తిప్పితే టక టక టక అని చప్పుడు, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారాయి, సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పే మోటారు) తిరగలేదు. ఈ టక టక వినిపిస్తే చాలాసార్లు బ్యాటరీలో కరెంటు సరిపోవడం లేదనో, టెర్మినల్ (బ్యాటరీ మీద తీగ బిగించే చోటు) సరిగ్గా పట్టడం లేదనో అర్థం. మళ్లీ మళ్లీ తాళం తిప్పితే ఉన్న కాస్తా పోతుంది. నేను నాలుగుసార్లు తిప్పాను, తప్పే.

తోసి చూద్దామనుకున్నాం. మాది గేర్ల బండి కాబట్టి కుదురుతుంది, ఆటోమేటిక్ అయితే ఆ ఆశ పెట్టుకోవద్దు. తాళం ఆన్‌లో పెట్టాలి, క్లచ్ పూర్తిగా నొక్కి రెండో గేరు వేయాలి, బండి కాస్త ఊపందుకున్నాక క్లచ్ చటుక్కున వదలాలి, ఇంజన్ అందుకోగానే మళ్లీ నొక్కాలి. ఫస్ట్ గేర్లో వేస్తే బండి ఎగిరిపడి ఆగిపోతుంది. ఇంజన్ నడవనప్పుడు స్టీరింగ్ బరువుగా ఉంటుంది, బ్రేకు మామూలుగా పట్టదు, అందుకని ముందు ఎవరూ ఉండకూడదు. కానీ ఆ సెల్లార్‌లో చదును నేల నాలుగు కార్ల పొడవు కూడా లేదు, ఆపైన నిటారుగా ర్యాంపు. వాచ్‌మన్, ఇద్దరు రూమ్ బాయ్స్ పాపం చెమటలు కారేలా రెండుసార్లు తోశారు. అవ్వలేదు. వాళ్లకి తలా యాభై ఇచ్చాను.

అప్పుడు మేనేజర్ ‘మా మెకానిక్ ఉన్నాడు, పది నిమిషాల్లో వస్తాడు’ అన్నాడు. వచ్చేసరికి తొమ్మిదింబావు. చేతిలో వోల్టులు చూసే మీటరు లేదు. బానెట్ ఎత్తి, పైనుంచి ఒకసారి చూసి, ‘బ్యాటరీలో సెల్ పోయింది సార్, కొత్తది వేయాల్సిందే, 7,200, పాతది నేను తీసుకుంటా’ అన్నాడు. ఆ బ్యాటరీ కొని పద్నాలుగు నెలలు. 36 నెలల వారంటీ కార్డు డ్యాష్‌బోర్డులోనే ఉంది. ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుల్ వేసి చూడమంటే ‘కొత్త బళ్లకి అలా చేస్తే సెన్సార్లు పోతాయి’ అని భయపెట్టాడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ‘ఏమండీ, నాన్నగారు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ఇచ్చేద్దాం’ అంది. నిజంగానే ఇచ్చేసేవాణ్ని. మామగారే ‘మీటరు పెట్టకుండా పోయిందని ఎలా చెప్తావు బాబూ?’ అని అడిగారు. దానికి జవాబు లేదు. వచ్చినందుకు 500 అడిగాడు, మేనేజర్ పక్కన నిలబడి ఇప్పించాడు.

పదకొండున్నరకి ఒక టాక్సీ సెల్లార్‌లోకి దిగింది, ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్ల కోసం. మా బానెట్ తెరిచి ఉండటం చూసి డ్రైవరే వచ్చి ‘బ్యాటరీ డౌనా సార్? నా దగ్గర కేబుల్స్ ఉన్నాయి’ అన్నాడు. ముందు టెర్మినల్ చూశాడు, ప్లస్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. వేడినీళ్లు తెప్పించి కడిగి, తుడిచి, క్లిప్పు బిగించాడు. తర్వాత ఎర్ర కేబుల్ ఒక కొస మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస తన ప్లస్‌కి. నల్ల కేబుల్ తన మైనస్‌కి, చివరి కొస మాత్రం మా బ్యాటరీకి కాకుండా ఇంజన్ మీద పెయింటు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఎందుకంటే చివర్లో కలిపే చోట నిప్పురవ్వ రావచ్చు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, రెండూ దగ్గరగా ఉండకూడదు. మామూలుగా ఎరుపూ నలుపూ తారుమారైతేనే సెన్సార్లూ ఫ్యూజులూ పోయేది, సరిగ్గా పెడితే కాదు. రెండు బళ్లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకున్నాడు. తన ఇంజన్ ఐదు నిమిషాలు కొంచెం రైజ్ చేసి ఉంచి, ‘ఇప్పుడు కొట్టండి’ అన్నాడు. ఒక్క తిప్పుకి స్టార్ట్ అయింది! పెట్టిన వరసకి తిరగేసి కేబుల్స్ తీశాడు. ఎంతివ్వమంటే మీ ఇష్టం అన్నాడు, 300 ఇచ్చాను. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

ఈలోగా పన్నెండు దాటింది. బండి స్టార్ట్ చేసి సామాన్లు ఎక్కిస్తుంటే మేనేజర్ బిల్లు తెచ్చాడు. మూడు రాత్రులకి 6,600, దాని కింద లేట్ చెకౌట్ 1,100. వాళ్ల మెకానిక్ కోసమే కదా ఆగామంటే ‘రూల్ సార్’ అన్నాడు. ఇంజన్ ఆపితే మళ్లీ ఏమవుతుందో అన్న టెన్షన్‌లో కట్టేసి వచ్చేశాను. ఆ 1,100 గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంజన్ ఆపకుండా సింహాచలం కొండెక్కాం. పైన పార్కింగ్‌లో వాలు చూసుకుని ముందు భాగం కిందికి ఉండేలా పెట్టాను, స్టార్ట్ అవ్వకపోతే బ్రేకు వదిలితే దానంతటదే దొర్లుతుందని. ఆ అవసరం రాలేదు, దర్శనం అయ్యాక సెల్ఫ్ బాగానే అందుకుంది. మామగారు పులిహోర ప్రసాదం తిన్నాకే మాట్లాడారు.

తిరుగు దారిలో గాజువాక దగ్గర ఒక బ్యాటరీ షాపులో ఆపాం. ఆయన మీటరు పెట్టి చూపించాడు. ఇంజన్ ఆపి కాసేపు ఆగాక 12.5 వోల్టులు, నడుస్తుంటే 14.1. అంటే బ్యాటరీలో సెల్ పోలేదు, ఇంజన్ నడుస్తుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాన్ని ఛార్జ్ చేస్తోంది. నిండా ఛార్జ్ ఉంటే 12.6 దగ్గర ఉంటుంది, 12 కంటే తగ్గితే బాగా దిగిపోయినట్టే అన్నాడు. టెర్మినల్స్ మళ్లీ శుభ్రం చేసి వాజిలిన్ రాసినందుకు 150 తీసుకున్నాడు. అక్కడే 650 పెట్టి కేబుల్స్ కొన్నాను. సన్నటి తీగలవి 300కే దొరుకుతాయి కానీ డీజిల్ బండిని లేపాలంటే అవి వేడెక్కిపోతాయి, లావుగా ఉన్నవే తీసుకోండి.

వైజాగ్ మళ్లీ వెళ్తాం, భీమిలి చూడటం మిగిలిపోయింది. ఈసారి రూమ్ అద్దె మూడొందలు ఎక్కువైనా సరే, బండి రోడ్డు మట్టంలో పెట్టుకునే చోటే దిగుతాను.