బోరు మోటార్ల కొట్టుకు గూగుల్ ప్రచారం: రెండున్నరేళ్లు వాడిన సేవపై నా సమీక్ష

గుంటూరులో పంతొమ్మిదేళ్లుగా బోరు మోటార్ల అమ్మకం, వైండింగ్, మరమ్మతు పనులు చేస్తున్న చిన్న కొట్టు మాది. నాతో కలిపి ఐదుగురం. గూగుల్‌లో వెతికేవారికి మా కొట్టు కనిపించేలా చూసే పనిని రెండున్నరేళ్ల క్రితం విజయవాడలో ఇద్దరు కుర్రవాళ్లు నడుపుతున్న ఒక సంస్థకు అప్పగించాను. వారి పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పదలచినది, మాలాంటి చిన్న వ్యాపారిని ఈ సేవ ఎలా ఒప్పించింది, ఇన్నాళ్లు ఎలా నిలుపుకుంది, ఎక్కడ తక్కువైంది అన్న విషయమే.

వారికంటే ముందు నేను మరొకరి దగ్గర దాదాపు ఏడాదిపాటు డబ్బు పోశాను. ఆ సంస్థవారు ఫోన్‌లో మాట్లాడి, మూడు నెలల్లో మొదటి స్థానం ఖాయమని కాగితం మీద రాసి ఇచ్చారు. ఎవరూ మొదటి స్థానానికి హామీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పత్రాల్లోనే స్పష్టంగా రాసిందన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. వారు మా కొట్టు పేరు పక్కన 'గుంటూరు బెస్ట్ బోర్ మోటార్ రిపేర్ సర్వీస్' అని తగిలించారు. బోర్డు మీద లేని మాటలను గూగుల్ పేరులో చేర్చడం నిబంధనలకు విరుద్ధం కావడంతో, కొన్నాళ్లకు, సరిగ్గా ఏప్రిల్ నెలలో, మ్యాపులో మా కొట్టు కనిపించకుండా పోయింది. అంతకన్నా బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, ఆ ప్రొఫైల్‌కు, అంటే గూగుల్‌లో మా కొట్టు వివరాలు చూపే పేజీకి, అసలు యజమానిగా నమోదై ఉన్నది నా మెయిల్ కాదు, వారి మెయిల్. ప్రకటనల ఖాతా కూడా వారిదే. ఒప్పందం ముగిసిన రోజున నేను ఖర్చు పెట్టిన ప్రకటనల చరిత్ర మొత్తం వారి దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడున్న సంస్థలోని కుర్రవాడు మొదటిసారి వచ్చినప్పుడు కౌంటరు ముందు నిలబడి, తన ఫోన్ కాకుండా మా వైండింగ్ మేస్త్రి ఫోన్ అడిగి తీసుకుని, అందులో మా కొట్టు పేరుతో వెతికి చూపించాడు. "మీ కొట్టు మ్యాపులో లేదండీ. దీన్ని వెనక్కి తెచ్చుకోవడమే ముందు పని. ప్రకటనల సంగతి తర్వాత చూద్దాం. ఈ పని కుదిరితేనే నాకు డబ్బివ్వండి" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఒప్పుకున్నానని చెప్పాలి. మొదటి స్థానం గురించి అతను ఆ రోజు ఎత్తనే లేదు.

ప్రొఫైల్‌ను తిరిగి సాధించిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ముందుగా యాజమాన్యం నాకు బదిలీ చేయమని గూగుల్ ద్వారా అభ్యర్థన పంపాడు. పాత సంస్థ నుంచి సమాధానం రాకపోవడంతో, గడువు ముగిశాక నా మెయిల్‌తోనే దరఖాస్తు నడిపించాడు. ఆ తర్వాత గూగుల్ వీడియో ద్వారా నిర్ధారణ కోరింది. ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చి, వీధి మొదట్లో పేరు పలక దగ్గర చిత్రీకరణ మొదలుపెట్టి, పక్క కొట్లు కనిపించేలా నడుచుకుంటూ మా బోర్డు దాకా వచ్చి, నేను తాళం తీసి షట్టరు ఎత్తడం, లోపల వైండింగ్ బల్ల, రాగి తీగ చుట్టలు, గోడకు తగిలించిన చైన్ పుల్లీ, జీఎస్టీ ధ్రువపత్రం వరకు ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోగా తీశాడు. కొద్ది రోజుల్లో ప్రొఫైల్ తిరిగి వచ్చింది. పేరు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టే పెట్టాడు. ప్రధాన యజమానిగా నా మెయిల్ ఉంచి, తన మెయిల్‌ను కేవలం మేనేజరుగా చేర్చుకున్నాడు. తొలగించాలంటే ఎక్కడ నొక్కాలో కూడా నా చేతే నొక్కించి చూపించాడు.

ప్రకటనల ఖాతా విషయంలోనూ ఇదే పద్ధతి పాటించారు. ఖాతా నా పేరున, నా జీఎస్టీ నంబరుతో ఉంది. ప్రకటనల డబ్బు నా కార్డు నుంచి నేరుగా గూగుల్‌కే వెళుతుంది. వారికి ఈ ఫిబ్రవరి దాకా ఇచ్చింది నెలకు 6,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 7,080. ప్రకటనల ఖర్చులో ఇంత శాతమని కాకుండా స్థిరమైన రుసుము పెట్టుకోవడం నాకు ఈ సేవలో అన్నిటికంటే నచ్చిన అంశం, ఎందుకంటే శాతం లెక్క పెట్టుకున్నవారికి నా ఖర్చు పెరిగితేనే ఆదాయం పెరుగుతుంది, అలాంటప్పుడు ఖర్చు తగ్గించమని వారి నోట రావడం కష్టం.

పని నాణ్యత గురించి చెప్పాలంటే, వారు నెలనెలా చూపించే 'వెతికిన మాటల' పట్టిక గురించి చెప్పాలి. మొదటి నెల ఆ పట్టిక చూసి నేను నిర్ఘాంతపోయాను. మోటారు అన్న మాట ఉండటంతో మోటారు సైకిల్ మెకానిక్ కోసం వెతికినవారు, వైండింగ్ నేర్పే కోర్సు కోసం వెతికినవారు, బోరు వేసే లారీల కోసం వెతికినవారు మా ప్రకటన మీద నొక్కారు, ప్రతి నొక్కుకూ నా కార్డు నుంచే డబ్బు పోయింది. కుర్రవాడు కౌంటరు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్క మాటనూ నాకు చదివి వినిపించి, "ఇది మీ పనేనా అండీ?" అని అడిగి, కాదన్న ప్రతిదాన్నీ మినహాయింపు జాబితాలో చేర్చాడు, అంటే ఆ మాటలతో వెతికినవారికి మా ప్రకటన ఇక కనిపించదు. 'బైక్', 'కోర్సు', 'జీతం', 'ఉద్యోగం', 'సెకండ్ హ్యాండ్', 'డ్రిల్లింగ్' ఇలా తొలి రోజే 43 మాటలు చేరాయి. ఆ పని నన్ను పక్కన పెట్టి చేసి ఉంటే అంత సరిగ్గా జరిగేది కాదు. ఉదాహరణకు 'స్టార్టర్' అన్న మాటను అతను కారు స్టార్టరుగా భావించి తీసేయబోయాడు, కానీ బోరు మోటారుకు స్టార్టర్ ప్యానెల్ మా అమ్మకాల్లో ముఖ్యమైన భాగం.

ప్రకటన ఎక్కడి వారికి కనిపించాలన్న అమరిక కూడా ఇలాంటిదే. గూగుల్ మామూలుగా ఆ ప్రాంతంలో ఉన్నవారికే కాక, ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవారికి కూడా ప్రకటన చూపిస్తుంది. వారు దాన్ని గుంటూరు చుట్టుపక్కల ఉన్నవారికి మాత్రమే పరిమితం చేశారు. దీనితో హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చే అక్కరకు రాని ఫోన్లు తగ్గాయి. అమెరికాలో ఉండి గుంటూరు బ్రాడీపేటలోని తల్లిదండ్రుల ఇంటికి మోటారు మేస్త్రిని పంపమని అడిగేవారు మాకు ఉన్నారు, వారు ప్రకటన ద్వారా కాకుండా మ్యాపులోని ఉచిత ప్రొఫైల్ ద్వారానే మమ్మల్ని చేరుకుంటున్నారు కనుక నష్టమేమీ జరగలేదు.

ఫలితాన్ని వారు మా రిజిస్టరుతో సరిచూస్తారు. మొదటి నెలలోనే వారు కోరింది ఏమిటంటే, ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా కొట్టు ఎలా తెలిసిందండీ?" అని అడిగి, గూగుల్ అన్నవారి పక్కన రిజిస్టరులో 'గూ' అని రాసి, పని కుదిరితే దాని చుట్టూ సున్నా చుట్టమని. కిందటి మే నెలలో 38 'గూ'లు ఉన్నాయి, వాటిలో 21 సున్నా చుట్టినవి. ఆ నెల ప్రకటనలకు 7,450, వారి రుసుము 6,000, మొత్తం 13,450 రూపాయలు అయ్యాయి. జీఎస్టీ మాకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని కలపలేదు. అంటే ఒక్కో పనికి దాదాపు 640 రూపాయలు. మోటారు పైకి లాగి, వైండింగ్ చేసి, మళ్లీ దించే పనిలో మిగిలేదానితో పోలిస్తే ఇది భరించదగిన ఖర్చే.

ఆగస్టులో మాత్రం కేవలం 6 పనులే వచ్చాయి. వేసవిలో నీటిమట్టం పడిపోయి మోటార్లు ఖాళీగా తిరిగి కాలిపోతాయి, వానలు పడ్డాక ఆ పని తగ్గిపోతుంది. జూలై చివరనే అతను ఫోన్ చేసి, రోజుకు 250 రూపాయల ప్రకటన పరిమితిని 80కి తగ్గించమని తానే చెప్పాడు. తగ్గించినా ఆ నెల ఒక్కో పనికి 1,400 రూపాయలు పడింది, ఆ అంకెను దాచకుండా నివేదిక మొదటి వరుసలోనే రాశాడు. ఆ నెల నేను సేవ ఆపేద్దామా అని ఆలోచించిన మాట నిజం. ఆపకపోవడానికి కారణం ఆ మొదటి వరుసే.

రివ్యూల విషయంలో నేనే తప్పు దారి పట్టబోయాను. రివ్యూ రాసినవారికి బిల్లులో 100 రూపాయలు తగ్గిస్తానన్నాను. అలా లాభం చూపించి రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధమనీ, ఇప్పటికే ఒకసారి దెబ్బతిన్న ప్రొఫైల్‌తో ఆ పని చేయవద్దనీ గట్టిగా చెప్పి, దాని బదులు క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న కార్డులు అచ్చు వేయించి ఇచ్చాడు. మోటారు దించి, ట్యాంకులో నీళ్లు పడే శబ్దం విన్న తర్వాతే కార్డు ఇవ్వాలని మా మేస్త్రులకు చెప్పాడు. నెమ్మదిగానే అయినా నిజమైన మాటలు వస్తున్నాయి.

లోపాలూ ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. వారి తెలుగు ప్రకటనల రాత బాగోలేదు. ఒకసారి 'సబ్‌మెర్సిబుల్' (నీటిలో మునిగి పనిచేసేది) అన్న మాటను యంత్రం చేత తెలుగులోకి మార్పించి, మా ప్రకటనలో 'జలాంతర్గామి మోటారు మరమ్మతు' అని పెట్టారు. నాలుగు రోజులు అలాగే నడిచింది. ఒక పాత ఖాతాదారు ఫోన్ చేసి చెబితే గానీ నాకు తెలియలేదు. గుంటూరులో ఎవరూ అలా అనరు, బోరు మోటారు అంటారు, 'మోటారు కాలిపోయింది' అంటారు, అవే మాటలు ప్రకటనలో ఉండాలి. ఆదివారాలు వారు ఫోన్ ఎత్తరు, మాకేమో ఎండాకాలంలో ఆదివారమే ఎక్కువ పని. ఒక రోజు 250 పరిమితి ఉండగా 480 రూపాయలు ఖర్చయినట్టు కనిపించి కంగారు పడితే, ఒక రోజు పరిమితికి రెట్టింపు వరకు పోయినా నెల మొత్తంలో రోజువారీ పరిమితికి 30.4 రెట్లు మించి గూగుల్ వసూలు చేయదన్న సంగతి సోమవారం గానీ చెప్పలేదు. ఇలాంటివి మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. వారు కట్టిన వెబ్‌సైటు కూడా ఫోన్‌లో తెరుచుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటోంది.

పని ప్రధానంగా చుట్టుపక్కల పది పదిహేను కిలోమీటర్ల లోపలే ఉండి, ఫోన్ మీద నడిచే వ్యాపారాలకు ఈ సేవ సరిపోతుంది. ఎలక్ట్రీషియన్లు, ఇన్వర్టరు బ్యాటరీల కొట్లు, ఆర్వో మరమ్మతులవారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఊరగాయలో చీరలో ఆన్‌లైన్‌లో దేశమంతా అమ్మేవారికి వీరి అనుభవం చాలదని నా అంచనా. నెలకు కనీసం అరగంట కూర్చుని మాటల పట్టిక చూసే ఓపిక లేనివారికి కూడా ఈ రుసుము దండగే.

ఈ ఫిబ్రవరిలో రుసుము 7,000 చేస్తామన్నారు. తెలుగులో రాసిన ఏ ప్రకటన అయినా ముందు నాకు వాట్సాప్‌లో పంపాలి, మార్చి నుంచి జూన్ వరకు ఆదివారం మధ్యాహ్నం దాకా ఒకరు ఫోన్ ఎత్తాలి అన్న రెండు షరతులు పెట్టాను. రెండూ ఒప్పుకున్నారు. ఒప్పందం ఒకే పేజీ, ఎవరు మానుకోవాలన్నా 30 రోజుల ముందు చెబితే చాలు, ఖాతాలన్నీ నా దగ్గరే ఉంటాయి. మరో ఏడాదికి సంతకం చేశాను.